రాయవేలూరు డాక్టరమ్మ నేర్పిన పాఠం



మన ఊళ్లలో జబ్బు ఒక పట్టాన తేలకపోతే పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పే మాట ఒకటుంది, రాయవేలూరు తీసుకెళ్లమని. పొలం తాకట్టు పెట్టో, చీటీ పాడుకునో రైలెక్కి, కాట్పాడిలో దిగి, రిపోర్టుల సంచి చంకన పెట్టుకుని, తెలుగు మాట్లాడే మనిషి కోసం చుట్టూ చూసిన కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి. ఆ పెద్ద ఆసుపత్రి ఒకప్పుడు ఒక మిషన్ బంగళాలోని చిన్న గది అని, అందులో ఉన్నది ఒకే ఒక మంచమని వింటే నమ్మబుద్ధి కాదు. ఆ మంచం వేసిన డాక్టర్ ఐడా స్కడ్డర్ గారి జీవితాన్ని ఈ వారం మన సంఘాల ముందు ఉంచాలని మా ఆశ.

ఆమె కథ మనకు తెలియనిది కాదు. సండే స్కూల్లో, యౌవనుల కూటాల్లో ఎన్నోసార్లు విన్నాం. అయితే మనం ఆ కథను ఒక రాత్రి దగ్గర మొదలుపెట్టి అదే రాత్రి దగ్గర ముగిస్తాం. ఆ తరువాత ఆమె అరవై ఏళ్లకు పైగా ఏం చేశారో, అందులోనూ డాక్టర్ల కొరతను ఎలా ఎదుర్కొన్నారో అంతగా చెప్పుకోము. ఈ రోజు మనకు కావలసిన పాఠం అక్కడే ఉంది.

ఐడా 1870 డిసెంబరు 9న ఉత్తర ఆర్కాటు జిల్లా రాణిపేటలో పుట్టారు. ఆమె తాత డాక్టర్ జాన్ స్కడ్డర్, అమెరికా నుండి ఈ దేశానికి వచ్చిన తొలి వైద్య మిషనరీ. తండ్రి పేరు కూడా జాన్ స్కడ్డరే, ఆయనా వైద్యుడే. ఆ ఒక్క వంశంలో నాలుగు తరాలలో నలభై మందికి పైగా మిషనరీలుగా పనిచేశారు. కాబట్టి ఐడా కూడా మిషనరీ అవుతుందని అందరూ అనుకున్నారు. ఆమె ఒక్కతే అనుకోలేదు.

దానికి కారణముంది. మన రాయలసీమ పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే 1876-78 నాటి కరువును ఆమె పసితనంలో కళ్లారా చూశారు. మిషన్ ఆవరణకు వచ్చిన పిల్లలకు రొట్టె చేతికిస్తే తినే శక్తి కూడా లేకపోతే, ముక్కలు తుంచి వాళ్ల నోట్లో పెట్టిన చిన్నారి చేతులు ఆమెవి. తరువాత చదువు కోసం అమెరికా వెళ్లి తల్లిదండ్రులకు దూరంగా పెరిగారు. సువార్తికుడు మూడీ గారు స్థాపించిన నార్త్‌ఫీల్డ్ బాలికల పాఠశాలలో చదివారు. ఇక్కడి ఎండ, దుమ్ము, ఆకలి, ఎడబాటు ఇవేవీ తనకు వద్దనుకున్నారు. 1890లో తల్లికి జబ్బు చేసిందని కబురొస్తే తిండివనం వచ్చారు గానీ, కొంతకాలం ఉండి తిరిగి వెళ్లిపోవాలన్నదే ఆమె తలంపు.

ఆ తిండివనంలోనే మనం చెప్పుకునే రాత్రి వచ్చింది. ఒక బ్రాహ్మణ యువకుడు తలుపు తట్టి, భార్యకు కాన్పు కష్టమైందని, వచ్చి సాయం చేయమని ఐడాను వేడుకున్నాడు. తనకు వైద్యం రాదని, తండ్రి డాక్టరని, ఆయనను తీసుకెళ్లమని ఆమె చెప్పారు. పరాయి మగవాడు తన భార్యను చూడడానికి వీల్లేదని అతడు వెళ్లిపోయాడు. కొంతసేపటికి ఒక ముస్లిం వచ్చి అదే అడిగాడు. తరువాత మరో హిందూ కుటుంబీకుడు వచ్చాడు. ముగ్గురికీ అదే జవాబు చెప్పవలసి వచ్చింది. తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఒకే ఇంట్లో డాక్టరున్నాడు, గుమ్మం ముందు అవసరముంది, మధ్యలో ఒక ఆడ డాక్టరు లేకపోవడం వల్ల మూడు ప్రాణాలు పోయాయి. ఐడా ప్రభువు ముందు మోకరించి, తాను తప్పించుకోవాలనుకున్న పనినే ఒప్పుకున్నారు.

ఇక్కడ మనం ఒక సంగతి గమనించాలి. పిలుపు వచ్చిన మర్నాడే ఆమె సేవ మొదలుపెట్టలేదు, ముందు చదువుకోవడానికి వెళ్లారు. 1895లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరారు. తరువాత న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకోవడం మొదలుపెట్టగానే అక్కడికి మారి 1899లో పట్టా పొందారు. భారం ఉంటే చాలు, చదువెందుకు అని ఆమె అనుకోలేదు. రోగి ప్రాణం మీద ప్రేమ ఉన్నవాడు ఆ ప్రాణాన్ని కాపాడే విద్యను పూర్తిగా నేర్చుకుంటాడు.

తిరిగి వచ్చేముందు వేలూరులో స్త్రీల ఆసుపత్రి కోసం చందాలు అడిగారు. షెల్ అనే బ్యాంకు యజమాని చనిపోయిన తన భార్య జ్ఞాపకార్థం 10,000 డాలర్లు ఇచ్చారు. 1900లో ఐడా వేలూరు చేరారు. తండ్రి దగ్గర పని నేర్చుకుందామనుకున్నారు, కానీ ఆయన ఆ సంవత్సరమే కన్నుమూశారు. అనుభవం లేని 29 ఏళ్ల డాక్టరమ్మ ఒంటరిగా మిగిలారు. బంగళాలోని ఒక చిన్న గదిలో మంచం వేసి, కిటికీ దగ్గర మందులిస్తూ మొదలుపెట్టారు. ఇంటి పనివారిలో ఒకరి భార్య సలోమి ఆమెకు తొలి సహాయకురాలు. కట్టు కట్టడం, మందు కలపడం ఆమెకు నేర్పారు. చూడండి, మొదటి రోజుల్లోనే ఆమె ఒక చేత్తో వైద్యం చేస్తూ మరో చేత్తో శిక్షణ ఇస్తున్నారు.

1902లో 40 మంచాల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరిచారు. జనం రావడం మొదలైంది, కానీ రానివారే ఎక్కువ. పల్లెల్లో ఆడవాళ్లు ఇల్లు దాటి రాలేరు, వచ్చేలోపు ప్రాణం పోయేవారు ఎందరో. అందుకని ఐడా గారే ఎడ్లబండి మీద, 1909 నుండి ఒక చిన్న మోటారు కారులో గుడియాత్తం దారిన బయలుదేరేవారు. దారి పొడుగునా చెట్ల కింద రోగులు కాచుకుని ఉండేవారు. కురుపులు, కళ్ల జబ్బులు, జ్వరాలు, కుష్ఠు, అన్నిటికీ ఆ చెట్టు నీడే ఆసుపత్రి. వారం వారం అదే దారి, అదే చెట్టు. ఎప్పుడొస్తారో జనానికి తెలుసు కాబట్టే నమ్మకం కుదిరింది.

అయితే ప్రతి చెట్టు దగ్గరా ఆమెకు ఒక లెక్క ఎదురయ్యేది. ఇవాళ చూసినవారు కొందరు, చూడలేక వదిలి వచ్చినవారు అంతకు ఎన్నో రెట్లు. ఆమె రోజుకు మరో రెండు గంటలు ఎక్కువ పనిచేసినా ఆ లెక్క మారదు. అమెరికా నుండి మరో ఇద్దరు డాక్టర్లు వచ్చినా మారదు. ఓడలో వచ్చే డాక్టర్లతో ఈ దేశపు అవసరం ఏనాటికీ తీరదని ఆమెకు అర్థమైంది. ఈ నేల మీద పుట్టి, ఈ భాషలు మాట్లాడే ఆడపిల్లలే డాక్టర్లు కావాలి. ముందు కాంపౌండర్లకు, 1909 నుండి నర్సులకు శిక్షణ ఇచ్చారు. ఇక మిగిలింది డాక్టర్లను తయారుచేయడం.

ఆ మాట అంటే నవ్వినవారున్నారు. మద్రాసు వైద్య కళాశాలలో 1875 నుండే స్త్రీలకు ప్రవేశం ఉన్నా చేరినవారు కొద్దిమందే. లూధియానాలో డాక్టర్ ఎడిత్ బ్రౌన్ 1894లో క్రైస్తవ స్త్రీల కోసం వైద్య పాఠశాల పెట్టారు గానీ అది ఉత్తరాదిన చాలా దూరం. దక్షిణాన ఆడపిల్లను అంతంత చదువుకు పంపే తల్లిదండ్రులు ఎక్కడున్నారని అడిగారు. మద్రాసు రాజధాని వైద్య శాఖ పెద్ద కూడా దరఖాస్తులు అరడజను వస్తే గొప్పేనని అనుకున్నారు. వచ్చిన దరఖాస్తులు దానికి ఎన్నో రెట్లు. కొరత ఆడపిల్లల్లో లేదు, వాళ్లకు తెరిచిన తలుపుల్లో ఉందని తేలిపోయింది.

1918 ఆగస్టు 12న వేలూరులో 17 మంది అమ్మాయిలతో మిషనరీ వైద్య పాఠశాల మొదలైంది. చదువు నాలుగేళ్లు, ఎల్.ఎం.పి. అనే లైసెన్స్ పట్టా కోసం. వేర్వేరు మిషన్లు తమ తేడాలు పక్కనపెట్టి చేతులు కలిపాయి. అయినా ఉన్నది అద్దె ఇల్లు, ఒక మైక్రోస్కోపు, కొద్దిపాటి పుస్తకాలు, పాఠం చెప్పడానికి కొన్ని ఎముకలు. ఆసుపత్రి పని ఒకవైపు నడుస్తూండగానే శరీర నిర్మాణ శాస్త్రం ఐడా గారే బోధించారు. మొదటి ఏడాది ప్రభుత్వ పరీక్షలో, మగవాళ్ల పాఠశాలల్లో ఎక్కువమంది తప్పిన చోట, వేలూరు అమ్మాయిలందరూ పాసయ్యారు. 1922లో 14 మంది పట్టాలు పుచ్చుకున్నారు. 22 ఏళ్ల కిందట ఒక్క డాక్టరమ్మ ఉన్న చోట నుండి ఒకే రోజు 14 మంది డాక్టరమ్మలు బయలుదేరారు.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. లూసీ పీబాడీ అనే స్నేహితురాలి నాయకత్వంలో అమెరికా సంఘాల స్త్రీలు ఊరూరా తిరిగి ఆసియా దేశాల్లోని ఏడు క్రైస్తవ మహిళా కళాశాలల కోసం నిధి పోగుచేశారు. వేలూరు అందులో ఒకటి. 1920లలో ఊరి మధ్య కొత్త ఆసుపత్రి లేచింది, తరువాత బాగాయం దగ్గర కొండల నడుమ 200 ఎకరాల్లో కళాశాల కట్టడాలు వచ్చాయి. వేలూరు పేరు కూడా సరిగా పలకలేని వేలమంది సామాన్య విశ్వాసురాండ్ర కానుకలు ఆ గోడల్లో ఉన్నాయి.

ఇంత జరిగాక అంతా కూలిపోతుందనిపించిన కాలం వచ్చింది. 1930ల చివర మద్రాసు ప్రభుత్వం ఎల్.ఎం.పి. చదువును ఎత్తివేసింది. డాక్టరు కావాలంటే ఇకమీదట విశ్వవిద్యాలయపు ఎం.బి.బి.ఎస్. పట్టా ఉండాలి. ఆ నిర్ణయంలో న్యాయం లేకపోలేదు. పల్లె రోగికి తక్కువ చదివిన డాక్టరు చాలుననడం ఏం ధర్మం? కానీ దాని వెల కూడా చిన్నది కాదు. దేశంలోని డాక్టర్లలో ఎక్కువమంది ఆ లైసెన్స్ డాక్టర్లే. 1946లో భోర్ కమిటీ లెక్క చూసినప్పుడు దేశంలో ఒక్కో డాక్టరుకు 6,300 మంది జనం ఉన్నారు. చదువు స్థాయి పెంచాలి, సంఖ్య కూడా పెంచాలి. రెండూ ఒకేసారి ఎలా అన్నది నాటి ప్రశ్న, నేటికీ ప్రశ్నే.

వేలూరుకు అది చావుబతుకుల సమస్య అయింది. కళాశాల స్థాయికి ఎదగాలంటే మరెన్నో మంచాలు, ప్రయోగశాలలు, పెద్ద చదువులు చదివిన అధ్యాపకులు కావాలి. స్త్రీల విద్యాలయంగా ఒంటరిగా నిలబడితే ఆ ఖర్చు మోయలేదు. మగ విద్యార్థులను కూడా చేర్చుకుంటే మరిన్ని మిషన్లు కలిసివస్తాయి. కానీ అది స్త్రీల కోసమని చెప్పి పోగుచేసిన సొమ్ము. ఆ మాట తప్పకూడదని లూసీ పీబాడీ గట్టిగా నిలబడ్డారు. ఏళ్ల తరబడి భుజం భుజం కలిపి పనిచేసిన ఇద్దరు దైవభక్తురాండ్ర మధ్య ఎడం వచ్చింది. ఇద్దరి మనస్సాక్షీ నిర్మలమే. పరిశుద్ధుల మధ్య భేదాభిప్రాయాలు ఉండవని అనుకునేవారు పౌలు బర్నబాల సంగతి జ్ఞాపకం చేసుకోవాలి.

ఐడా గారు ఎంతో వేదనపడి, చివరకు తలుపు వెడల్పు చేసే వైపే నిలిచారు. 1941లో, 70 ఏళ్ల వయసులో, యుద్ధం నడుస్తుండగా మళ్లీ అమెరికా వెళ్లి ఊరూరా తిరిగి సాయం అడిగారు. 1942లో వేలూరులో ఎం.బి.బి.ఎస్. మొదలైంది. 1947లో మగ విద్యార్థులు చేరారు. నలభై దాకా మిషన్లు ఆ పనిలో భాగస్వాములయ్యాయి. పదవిని పట్టుకుని కూర్చోకుండా 1946లో ఆమె పక్కకు తప్పుకున్నారు.

తరువాత ఆ బాధ్యత ఎవరి చేతికి వెళ్లిందో తెలుగు సంఘాలు తప్పక తెలుసుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చిన కొద్దికాలానికి ఆ సంస్థకు తొలి భారతీయ సారథి అయినవారు మన విశాఖపట్నం ఆడపడుచు డాక్టర్ హిల్డా మేరీ లాజరస్ గారు. 1890లో విశాఖలో ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, ప్రభుత్వ మహిళా వైద్య సర్వీసులో చేరిన తొలి భారతీయ స్త్రీ ఆమె. వేలూరు తరువాత విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాలకు ప్రిన్సిపాల్‌గా కూడా పనిచేశారు. ఈ నేల బిడ్డలే ఈ పని చేయాలని ఐడా గారు కన్న కల ఒక తెలుగు బిడ్డ చేతుల్లో నెరవేరింది. ఆ కల నెరవేరడం చూసి, 1960 మే 24న కొడైకెనాల్‌లో, తన 89వ ఏట ఐడా గారు ప్రభువునందు నిద్రించారు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. నీట్ ఫలితాలు వచ్చిన తరువాతి ఆదివారం మన మందిరాల్లో సాక్ష్యాలు వింటాం. ఫలానావారి అమ్మాయికి సీటు వచ్చిందని కృతజ్ఞతార్పణలు చెల్లిస్తాం. మంచిదే, ఆ సంతోషంలో మేమూ పాలుపంచుకుంటాం. కానీ సీటు కోసం ఉపవాసముండి ప్రార్థించిన మనం, ఆ బిడ్డ డాక్టరయ్యాక ఎక్కడ పనిచేయాలో ప్రభువును అడుగుతున్నామా? మన పల్లెల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి డాక్టరు లేడని మనమే వాపోతాం. మన బిడ్డ మాత్రం ఆ కేంద్రానికి వెళ్లకూడదని మనమే కోరుకుంటాం. ఈ రెండు కోరికలూ ఒకే నోట ఎలా పలుకుతున్నామో ఆలోచించుకోవాలి.

వేలూరులో ఒక మంచి ఆనవాయితీ ఉంది. సంఘాలు, మిషన్లు సిఫారసు చేసి పంపిన విద్యార్థులు చదువయ్యాక రెండేళ్లు అవసరమున్న చోట సేవ చేయాలి. ఆ ఏర్పాటులో సంఘానికి పెద్ద బాధ్యత ఉంది. ఎవరిని పంపాలో చూడాలి, చదివేటప్పుడు ప్రార్థనలో మోయాలి, తిరిగి వచ్చినప్పుడు చేర్చుకోవాలి. మరి మన దగ్గర ఆ సిఫారసు ఉత్తరం ఎలా తయారవుతోంది? మార్కులు, పలుకుబడి చూసి సంతకం పెట్టే కాగితంగా మిగిలిపోతే, ఆ బిడ్డ కూడా రెండేళ్లను రోజులు లెక్కపెట్టి గడుపుతాడు. తప్పు ఆ బిడ్డది ఒక్కడిదే కాదు.

యువ డాక్టర్లనే నిందించడం మా ఉద్దేశం కాదు. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ వంటివారు ప్రాణం పెట్టి మొదలుపెట్టిన మిషన్ వైద్యం తెలుగునాట ఎన్నో పట్టణాల్లో వెలిగింది. ఆ ఆసుపత్రుల్లో కొన్ని నేడు వెలవెలబోయాయి. కమిటీల తగాదాలు, ఆస్తుల కోర్టు కేసులు, నెలల తరబడి అందని జీతాలు, వాన కురిస్తే కారే క్వార్టర్లు ఇవన్నీ చూశాక సేవకు వచ్చిన డాక్టరు ఎన్నాళ్లు ఉండగలడు? ఐడా గారు తన విద్యార్థినులను ఊరికే పల్లెకు పొమ్మనలేదు. ముందు తాను ఆ దారిన వెళ్లారు, వాళ్లను వెంట తీసుకెళ్లారు, పని నేర్పారు, వెనక ఒక ఆసుపత్రి అండగా ఉందనే ధైర్యం ఇచ్చారు. పంపడం సులభం, పంపినవారిని నిలబెట్టడమే కష్టం.

కోత విస్తారంగా ఉందని, పనివారి కోసం యజమానిని వేడుకోమని ప్రభువు చెప్పిన సందర్భం మత్తయి సువార్త 9వ అధ్యాయంలో చదువుతాం. ఆయన ఆ మాట చెప్పింది రోగాలు స్వస్థపరుస్తూ ఊరూరా తిరిగి, జనసమూహాన్ని చూసి కనికరపడిన వేళ. వెంటనే 10వ అధ్యాయంలో, ఆ ప్రార్థన చేయమని విన్న శిష్యులనే పనికి పంపాడు. అంటే పనివారిని పంపమని ప్రార్థించేవారి ఇంటి తలుపే ముందు తట్టబడుతుంది. తిండివనంలో ఐడాకు జరిగింది అదే.

కాబట్టి సంఘ పెద్దలకు, తల్లిదండ్రులకు మా మనవి ఒకటే. ఈ సంవత్సరం మీ సంఘంలో వైద్యం, నర్సింగ్ చదువుతున్న పిల్లల పేర్లు రాసుకోండి. ప్రతి నెలా ఒక ఆదివారం వాళ్ల కోసం, వాళ్లు వెళ్లబోయే పల్లెల కోసం కలిపి ప్రార్థించండి. సెలవులకు వచ్చినప్పుడు దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికో మిషన్ ఆసుపత్రికో వాళ్లను తీసుకెళ్లి అక్కడి రోగులను చూపించండి. ఫీజు కట్టలేని తెలివైన పేద పిల్ల మీ మధ్య ఉంటే, కొత్త గోపురం కొన్నాళ్లు ఆపి అయినా ఆ పిల్లను చదివించండి. సేవకు వెళ్లిన డాక్టరు మీ ఊరికి వస్తే, అతని ఇంటి కప్పు కారకుండా చూడండి.

ఆ రాత్రి తలుపు తట్టినవారు ముగ్గురు. ఈ రోజు మన తలుపు తట్టేవారు లెక్కకు మించి ఉన్నారు. మా ఇంట్లో చదువుకున్నవాళ్లున్నారు గానీ మీ ఊరికి రారని చెప్పి పంపేయకుండునట్లు ప్రభువు మన హృదయాలను సిద్ధపరచును గాక. ఆమెన్.